గోడ మీది అక్షరాలు

మర్రిగూడ బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన మెడ ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వంగి బిగుసుకుపోయింది. కంటి శిబిరంలో ఇచ్చిన ఇంగ్లీషు చీటీ చూపించి, ఏం రాశారని అడిగాడు. పరీక్షకు సహకరించలేదని ఉంది. ఆ మాట ఆయనకు చెప్పడానికి నాకే సిగ్గేసింది, అయినా చెప్పాను.

"అచ్చరాల అట్ట గోడకు తగిలిచ్చిండ్రు బిడ్డా. నాకు తలకాయ లేవది. జర కిందికి వట్టుండ్రి, సదువుత అని మొక్కిన. టైం లేదన్నరు."

నా కాళ్ల దగ్గర పడున్న పేపరు ముక్కను చూపించాడు. "గిదో, పెద్దచ్చరాలు కనవడ్తున్నయి. చిన్నయే మసక మసక ఉన్నయి."

ఇది జరిగి ఏళ్లయినా ఆ శిబిరం వాళ్ల మీద నా కోపం చల్లారలేదు. వాళ్లకు టైం లేని పరీక్ష, బస్సు నేల మీది చిత్తుకాగితంతో, రెండు స్టాపుల మధ్యే అయిపోయింది.