మాకవరపాలెం డైరెక్టరు గారి ప్రశ్న

నర్సీపట్నంలో మా సహకార బ్యాంకు బోర్డు మీటింగంటే బదిలీలు, సెలవులు, ఇంక్రిమెంట్లు, వేడివేడి మిరపకాయ బజ్జీలు. మేనేజరు గారు చదువుతారు, డైరెక్టర్లు నములుతూ తలూపుతారు, నేను మినిట్స్ పుస్తకంలో ‘ఆమోదించడమైనది’ అని రాస్తాను. బజ్జీలు చల్లారేలోపు అన్నీ తేలిపోవాలి.

తేలనివ్వనిది ఒక్క మాకవరపాలెం డైరెక్టరు గారే. జీడితోటల రైతు. ప్రతి బదిలీ దగ్గరా బజ్జీ పక్కన పెట్టి, “ఆ మనిసికి సెప్పేరేటండీ?” అనేవారు.

“ఆర్డరు వెళ్తుందండీ,” అనేవారు మేనేజరు గారు.

“కాయితం ఎల్తాదండీ. మనిసెవరెల్తారు?”

నాకైతే ఒళ్లు మండేది. ఓసారి మా అటెండరమ్మను నక్కపల్లికి వేశారు. అప్పుడు మాకు టీ పోస్తున్నది ఆవిడే! ఆయన తలెత్తి, “నిన్ను నక్కపల్లి ఏసేత్తన్నారమ్మా, కుదురుద్దేటి?” అన్నారు.

“మా ఆయనకి కళ్లు కనపడవు బాబూ. మద్దేనం ఎల్లి నేనే అన్నం ఎట్టాల.”

ఇన్నేళ్లు ఆవిడ చేతి టీ తాగాం, ఆ సంగతి ఎవరికీ తెలియదు. నేను ఆ అంశం కొట్టేశాను.

మొన్న వేసవిలో మాకవరపాలెం డైరెక్టరు గారి స్థానంలో ప్రభుత్వం కొత్తాయన్ని వేసింది. మీటింగులో ఆ ఉత్తర్వు చదివారు, అందరూ తలూపారు. నా పెన్ను ఆగిపోయింది.

“ఆయనకి చెప్పారాండీ?” అన్నాను. “ఆర్డరు వెళ్లిందండీ,” అన్నారు మేనేజరు గారు.

సాయంత్రం బస్సెక్కి మాకవరపాలెం వెళ్లాను. ఆయన వాకిట్లో ఎండిన జీడిగింజలు కుప్ప చేస్తున్నారు. నీళ్లు నములుతూ సంగతి చెప్పాను. ఆయన జేబులోంచి మడతపెట్టిన ఉత్తర్వు తీసి చూపించి, నవ్వేసి, లోపలికి కేకేశారు:

“ఒలే, టీ ఎట్టు! నిన్న కాయితం వొచ్చింది గానీ, ఇయాల మనిసొచ్చింది.”