రెండు ముళ్ళ నూనె

మా ఆయన కార్ల ఏసీలు బాగుచేసేవాడు. మైపాడు రోడ్డు పక్కన రేకుల షెడ్డు, అందులో మా పాతకాలం తెల్ల కారు. నాకు చదువు రాదు. చేపలు పట్టే ఇంట్లో పుట్టాను, వలకు ముడి వేయడం తప్ప ఏమీ నేర్చుకోలేదు. అందుకే ఆయన ఏసీలో పోసే నూనె సీసాల మెడకు వల దారం చుట్టి నా కోసం ముళ్ళు వేశాడు. పాత గ్యాసు నింపే కార్లకు ఒక ముడి నూనె, కొత్త గ్యాసు కార్లకు రెండు ముళ్ళ నూనె. కారు కింద నుంచి "రెండు" అని చెయ్యి చాపితే, తడిమి చూసి అందించేదాన్ని.

ఆయన పోయి రెండేళ్ళు. మొన్న ఎండల్లో అల్లుడు కారు తీస్తే ఏసీ లోంచి వేడిగాలి కొట్టింది. ఆ కారుకు ఏసీ బిగించింది ఆయనే. లోపల గ్యాసును తోసే మిషను ఇప్పుడు ఎక్కడా దొరకదట. అది పాడైతే ఇక ఆయన చేతిపని లేనట్టే. నాకు అదే భయం.

ఆయన దగ్గర పని నేర్చుకుని నెల్లూరులో షాపు పెట్టుకున్న మెకానిక్ వచ్చాడు. తల నెరిసింది, ఇప్పటికీ నన్ను వదినా అనే పిలుస్తాడు. చిల్లిపడిన పైపు మార్చి, ఒక ముడి సీసా అందుకున్నాడు.

"పాత కారు గదా వదినా, పాత నూనే పోస్తా."

"ఆగబ్బయ్యా! దీన్ని మీ అన్న కొత్త గ్యాసుకు మార్చినాడు. రెండు ముళ్ళది పొయ్యాల."

"నీకెట్టా తెలుసు?"

"సీసా అందించింది నేనే గదా. నువ్వప్పుడు టీ తాగను పోయినావు."

వంగి గ్యాసు నింపే మూతి చూసి నాలుక కరుచుకున్నాడు. "నిజమే వదినా. మిషను చంపేసేవాణ్ణి."

నేను పెట్టెలోంచి రెండు ముళ్ళ సీసా తెచ్చాను. ఆయన చివరిసారి తెరిచినది, సగం ఉంది.

"దీని మూత తీసినావా వదినా?"

"శుక్రవారం శుక్రవారం తీసి వాసన చూసుకుంటా. ఆయన చొక్కా వాసనే."

అతను నవ్వలేదు. "ఈ నూనె గాలిలో తడి పీల్చుకుంటాది. మనదేమో సముద్రం పక్క. ఇది పోస్తే లోపల తుప్పు పడతాది."

"రవ్వంతన్నా పొయ్యి అబ్బయ్యా. ఆయన చేతిది."

"అన్న ఉంటే పోసుండేవాడా, నువ్వే చెప్పు."

పోసేవాడు కాదు. ఒకసారి నేను మూత సరిగా బిగించలేదని నిండు సీసా పక్కన పడేసి, రోజంతా నాతో మాట్లాడలేదు.

"పొయ్యొద్దులే" అన్నాను.

అతను నెల్లూరు వెళ్ళి సీలు తియ్యని సీసా తెచ్చాడు. కారులోంచి వచ్చిన పాత నూనెను మా అమ్మాయి చిన్ననాటి పాల సీసాలో కొలిచి, కొత్తది అంతే పోశాడు. గ్యాసు నింపి ఏసీ వేస్తే చల్లగాలి నా మొహానికి తగిలింది. కొత్త సీసా మెడకు నేనే రెండు ముళ్ళు వేశాను.

మిగిలిన ఆ సగం సీసా పట్టుకుని షెడ్డు తలుపు దగ్గరికి వెళ్ళాను. అది ఎప్పటినుంచో కీచుమంటుంది. రేపు నూనె వేస్తాలే అని ఆయన ఏళ్ళ తరబడి అంటూనే ఉన్నాడు. తలుపు బందులన్నిటికీ పోశాను.

పనిముట్లు సర్దుకుని వెళుతూ అతను తలుపు లాగాడు.

"ఏంది వదినా, చప్పుడే లేదు!"

"మీ అన్న ఇయ్యాళ నూనె వేసినాడు" అన్నాను.