తప్పులకు హారతి పట్టిన పెంగెల్లీ

నక్షత్రాలకు వెలుగునూ మనుషులకు పొరపాటునూ విధాత ఒకే ముహూర్తాన ప్రసాదించిన ఆదికాలం మొదలుకొని, రాజ్యాలు పుట్టి గిట్టి, సిద్ధాంతాలు పండి రాలి, ముర్రే నది ఒడ్డున మా విశ్వవిద్యాలయపు గడియారం రోజూ ఆలస్యంగా గంట కొట్టే ఈ కాలం వరకూ, మహామహులను వారి ఘనతలను చూసి కొలిచినవారు కోటానుకోట్లు ఉన్నారు గాని, వారి తప్పులను చూసి మాత్రమే కొలిచినవాడు ఒక్కడే. ఆయన పేరు అంబ్రోస్ పెంగెల్లీ.

భౌతికశాస్త్ర విభాగంలో ఆయన గది నిండా శాస్త్రవేత్తల పటాలు. ప్రతి పటం కిందా ఆ మహానుభావుడు ఎక్కడ బోల్తాపడ్డాడో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంటుంది. ఆటుపోట్లకు చంద్రుడితో పనిలేదని భీష్మించిన గెలీలియో. ధ్వనివేగం లెక్క తక్కువ వస్తే గాలిలోని దుమ్ము మీద నెపం పెట్టి సరిపుచ్చిన న్యూటన్. ముసలి భూమాతను పడుచుపిల్లగా గణించిన కెల్విన్. పరమాణువు చిట్లితే కొత్త మూలకం పుట్టిందని భ్రమపడి, భ్రమ వీడకముందే బహుమానం పుచ్చుకున్న ఫెర్మి. తప్పు దొరకని పుణ్యాత్ములకు ఆ గోడ మీద మేకు దొరకలేదు.

బ్రోన్విన్ టల్లక్ పరిశోధకురాలిగా చేరిన ఉదయమే తేనీటి గదిలో ఆయన చేత చిక్కింది.

"నీకిష్టమైన భౌతికశాస్త్రవేత్త ఎవరమ్మాయ్?"

"ఫారడే అండీ."

"ఎందుకు?"

"బీదింట పుట్టి, పుస్తకాలు కుట్టే చోట పనిచేస్తూ చదువుకుని, అంతవాడయ్యాడు గదా."

"అది వాళ్ళమ్మ మురిసిపోవాల్సిన సంగతి. ఆయన ఎక్కడ తప్పాడో చెప్పు."

తెలియదంది. అయితే ఆయన నీకు ముఖపరిచయమే, ఇష్టం దాకా ఇంకా రాలేదని తేల్చి, ఆమె బిస్కెట్టు కూడా తనే తిని వెళ్ళిపోయాడు పెంగెల్లీ.

ఈ భక్తి శాస్త్రవేత్తలతో ఆగలేదు. డీన్ తన కారును వెనక్కి నడిపి జెండాకొయ్యను పడగొట్టిన రోజున అందరూ కిటికీల చాటున నవ్వుకుంటుంటే, పెంగెల్లీ ఒక్కడే మెట్లు దిగి వెళ్ళి, వెనకకు చూడకుండా ముందుకుపోయిన మేధావులు చాలామంది ఉన్నారు గాని, చూడకుండా వెనక్కిపోయిన వారిలో మీరే ప్రథములని చేయి కలిపాడు. ఇంట్లో భార్య లోర్నా కేకు మాడిస్తే తెల్లవస్త్రం పరచి వడ్డించమనేవాడట. ఇక పాఠం చెబితే నల్లబల్ల మీద రోజుకో అపరాధం: ఒకనాడు రుణగుర్తు మాయం, ఇంకొకనాడు ఏడెనిమిదులు అరవై. వెనక బల్లలో ఏడాదంతా నోరు మెదపని పిల్ల ఎవరో చేయెత్తి అది యాభైయారండీ అంటే, వరం పొందినవాడిలా చేతులు జోడించేవాడు. విద్యార్థులు ఆయన్ను చూసి నవ్వేవారు, సహోద్యోగులు జాలిపడేవారు. విభాగాధిపతి డెస్మండ్ థర్లో మాత్రం ఈ రెండూ దండగని, ఆయన్ను ఎప్పుడు సాగనంపుదామా అని చూసేవాడు. థర్లో ఏనాడూ తప్పు చేసి ఎరగడు. తప్పు జరగడానికి అవసరమైన పనిని ఆయన ఏనాడో మానేశాడు.

ఇలా ఉండగా బ్రోన్విన్‌ను అదృష్టం వరించింది. నేలమాళిగలో సన్నని తీగకు సీసపు గుండ్లను వేలాడదీసి, గురుత్వాకర్షణను కొలిచే త్రాసు ఒకటి ఆమె కట్టింది. ఆ త్రాసు వేసవిలో ఒక లెక్కా శీతకాలంలో ఒక లెక్కా చూపసాగింది. సూర్యుడి చుట్టూ తిరిగే భూమి స్థానాన్ని బట్టి ఆకర్షణే మారుతోందని ఆమె ప్రకటించింది. పత్రికలు ఎగిరి గంతేశాయి. ఊళ్ళో కసాయి, వేసవిలో మాంసం తూకం గురించి తనను అడగవద్దని బోర్డు పెట్టాడు. థర్లో ప్రతి ఫొటోలోనూ త్రాసుకు ఆమె కన్నా దగ్గరగా నిలబడ్డాడు.

ఒక మధ్యాహ్నం ఆమె క్రికెట్ మైదానం అంచున, ఆట జరిగే పిచ్‌ను చదును చేసే ఇనుప రోలరుకు ఆనుకుని శాండ్‌విచ్ తింటోంది. తల తిప్పితే తమ విభాగపు గోడ. గోడలో నేలకు ఆనుకుని ఒక చిన్న కిటికీ. కిటికీలోంచి తన త్రాసు. నములుతున్న నోరు ఆగిపోయింది. ఆ రోలరు ఆటలు జరిగే వేసవంతా ఆ గోడపక్కనే ఉంటుంది, శీతకాలం రాగానే షెడ్డులోకి పోతుంది. విశ్వరహస్యమని తాను లోకానికి చాటినది టన్నుల బరువున్న ఆ ఇనుప పీపా చేసిన ఆకర్షణ.

ఆమె ఉద్యోగపు గడువు ఆ నెలతో ముగుస్తుంది. సోమవారం విభాగపు సభలో తన పరిశోధన గురించి ఆమె మాట్లాడాలి, ఆపైన పొడిగింపుకు సిఫారసు చేయవలసినవాడు థర్లో. నోరు మూసుకుంటే ఉద్యోగం దక్కుతుంది, విప్పితే పోతుంది. విప్పాలనే నిశ్చయించుకుని, ముందుగా పెంగెల్లీకి చెప్పింది. ఆయన కళ్ళు చెమర్చి, కెల్విన్ పక్కన ఒక మేకు ఖాళీగా ఉందన్నాడు.

"నా కూడు పోతుంటే మీకు పండగ్గా ఉందా? నాకు పటం వద్దు, ఉద్యోగం కావాలి."

పెంగెల్లీ రోలరు బరువెంత, త్రాసుకు ఎంత దూరంలో ఉందని మాత్రం అడిగాడు. బరువు చెప్పి, దూరం రెండు మీటర్లంది. భేషైన దూరమని తల ఊపాడు. ఈయన దగ్గరకు వచ్చినందుకు ఆమె తనను తాను తిట్టుకుంటూ వెళ్ళింది.

సోమవారం సభ కిక్కిరిసింది. బ్రోన్విన్ లేచి సూటిగా చెప్పింది: గురుత్వాకర్షణ మారలేదు, మారింది గోడపక్క రోలరు చోటు. సభంతా నవ్వింది. థర్లో ముఖం మాత్రం గడ్డకట్టింది.

"అంటే మన విభాగం దేశానికంతటికీ రోలరు కథ చెప్పిందన్నమాట," అంటూ ఆయన లేవబోతుండగా, పెంగెల్లీ సుద్దముక్క పట్టుకుని బల్ల మీదికి దండెత్తాడు. రోలరు నిర్దోషి అన్నాడు. గబగబా లెక్క వేసి, రోలరే లాగి ఉంటే త్రాసు ఈ అమ్మాయి చూసినదానికి రెట్టింపు కదలాలి, కాబట్టి ఆకర్షణే మారిందని విజయగర్వంతో చేతులు దులుపుకున్నాడు.

ముందు వరుసలో వారు తలలు దించుకున్నారు. బడిపిల్లల తప్పు అది. దూరాన్ని వర్గం చేయకుండా వదిలేశాడు. బ్రోన్విన్ కళ్ళు మూసుకుంది. తనతోపాటు ఈ ముసలాయన కూడా మునిగిపోయాడనుకుంది.

"వర్గం ఏదయ్యా, అంబ్రోస్?" అన్నాడు థర్లో. ఆ గొంతులో ఏళ్ళ తరబడి ఎదురుచూసిన ఆనందం.

"ఏ వర్గం?"

"సుద్ద ఇలా ఇవ్వు."

చాలాకాలానికి థర్లో నల్లబల్ల ఎక్కాడు. దూరాన్ని దూరంతో గుణించి, రెండుకు బదులు నాలుగుతో భాగించాడు. రెట్టింపు కాస్తా సగమై, బ్రోన్విన్ కొలిచిన అంకె దగ్గర వచ్చి నిలిచింది. సభ చప్పట్లు చరిచింది. అవి ఎవరికో నిర్ధారించుకునే ఓపిక లేక థర్లో తనకే తీసుకున్నాడు.

"చూశారా, గోడ అవతలి రోలరును ఇంత కచ్చితంగా పట్టింది మన త్రాసు," అన్నాడు. "ఇంతటి పరికరాన్ని కట్టిన మనిషిని పంపిస్తామా?"

మన త్రాసు. బ్రోన్విన్ ఆ మాటను కళ్ళకద్దుకుని పొడిగింపు కాగితం అందుకుంది.

సాయంత్రం పెంగెల్లీ ఇంటికి వెళ్ళి, తనవల్ల ఆయన నలుగురిలో నవ్వులపాలయ్యాడని లోర్నాతో బాధపడింది. లోర్నా టీ పోస్తూ ఆమెను వింతగా చూసింది.

"నవ్వులపాలా? ఆదివారమంతా ఈ బల్ల దగ్గర కూర్చుని ఏ తప్పు చేయాలా అని తర్జనభర్జన పడ్డాడమ్మా. నేను రుణగుర్తు మింగెయ్యమన్నాను. కాదు, వర్గం కనబడకపోతే డెస్మండ్ కుర్చీలో కూర్చోలేడన్నాడు."

"అయితే పాఠాల్లో…"

"అవీ అంతే. నోరు విప్పని పిల్లలున్నారంటే, వాళ్ళకు తెలిసిన చోటే తప్పుతాడు. ఏడెనిమిదులు ఎంతో తెలియనివాడు చిల్లర లెక్కలో నన్నెప్పుడూ గెలవనివ్వడేం? నేను కేకులు మాడ్చడం మాత్రం నిజమేనమ్మా, అందులో నటన లేదు."

తోటలోంచి లోపలికి వచ్చిన పెంగెల్లీ, థర్లో లెక్కలో చివరి దశాంశం తప్పిందనీ, వచ్చే సంవత్సరం దాకా ఆ సంగతి ఆయనకు చెప్పవద్దనీ బ్రోన్విన్‌ను ప్రాధేయపడ్డాడు. తన గోడ మీదికి థర్లో పటం కూడా ఎక్కాలని పెంగెల్లీకి పాపం కొండంత ఆశ.

తప్పు చేసినవారు తలవంచుకుని నిలబడే ఈ లోకంలో వారి పక్కన నిలబడటానికి తానే ముందుగా తలవంచుకునే ఆ మహనీయుణ్ణి భగవంతుడు నిండు నూరేళ్ళు చల్లగా చూచుగాక. నల్లబల్లపై ఆయన వదిలిన ప్రతి వర్గాన్నీ అందుకునే చేయి ఒకటి సభలో ఎప్పుడూ లేచుగాక. లోర్నమ్మ పసుపుకుంకుమలు పదికాలాలపాటు నిలిచి, ఆమె పొయ్యి మీద కేకులు మాడుతూనే ఉన్నా, ఆ ఇంట తినేవారికి మాత్రం కొదవ లేకుండుగాక.