చదువు దొంగ

కృపమణికి చదువు రాదన్న సంగతి ఊరందరికీ తెలుసు. ఆమెకున్నంత జ్ఞాపకశక్తి ఊళ్లో ఇంకెవరికీ లేదన్న సంగతీ తెలుసు. ఇవి రెండూ ఒకే మనిషిలో ఎట్లా ఉన్నాయని ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లు వచ్చేదాకా ఎవరూ అడగలేదు.

వాళ్లది కోసిగి పక్కన పల్లె. క్రిస్మస్ దాటగానే సగం ఊరు ఇళ్లకు తాళాలు వేసి, సుగ్గి అని వాళ్లు పిలుచుకునే కోతల వలసకు గుంటూరు వైపు మిరపకోతలకు లారీలెక్కుతుంది. కృపమణి గుంపులో నలభై మంది. ఎవరి మూట ఏది, ఎవరి బిడ్డకు ఏ మందు పడదు, పోయినేడు ఏ చేలో ఎవరు ఏ సాలు పట్టారు, అంతా ఆమె తలలోనే ఉంటుంది. ఎండకు జనం డీలా పడే వేళకు పాట ఎత్తుకుంటుంది. ఎప్పటికప్పుడు అక్కడే కట్టిన పాట. చర్చిలో పాడేవాటిలో కూడా నాలుగు ఆమెవే. ఎవరైనా మెచ్చుకుంటే, "నోటికొచ్చింది పాడతాండా. దానికి బుర్రెందుకు?" అనేది. వినయానికి అన్న మాట కాదది. తనకు బుర్ర లేదని ఆమె నిజంగానే నమ్మింది.

ఆ నమ్మకం తొమ్మిదో ఏట నాటుకుంది. అప్పుడామె మూడో తరగతి. అక్షరాలు ఆమె కంటికి నిలిచేవి కావు. ప, వ, మ మందలో గొర్రెల్లాగా ఒకదానిలో ఒకటి కలిసిపోయేవి. నిన్న పట్టుకున్నది ఇవాళ జారిపోయేది. చెవిన పడింది మాత్రం చచ్చినా పోయేది కాదు. పక్కింటి సంతోషమ్మ సాయంత్రాలు గట్టిగా పాఠాలు చదువుతుంటే కృపమణి జొన్నలు చెరుగుతూ వినేది. అట్లా వాచకమంతా నోటికి వచ్చేసింది. బడిలో తన వంతు వచ్చినప్పుడు పుస్తకం తెరిచి, చూపు దాని మీద పెట్టి, గడగడా చెప్పేసేది. ఏడాదంతా అట్లాగే నెట్టుకొచ్చింది.

ఒకనాడు తనిఖీకి అధికారి వచ్చాడు. అయ్యవారు శాంతయ్య సారు గర్వంగా కృపమణినే లేపాడు. ఒంటె పాఠం. ఒక్క మాట తప్పకుండా చదివింది. అధికారి దగ్గరకు వచ్చి పుస్తకంలోకి వంగి చూశాడు. తెరిచి ఉన్న పేజీలో నెమలి బొమ్మ ఉంది.

అధికారి పగలబడి నవ్వాడు. పిల్లలూ నవ్వారు. సారు నవ్వలేదు. అధికారి వెళ్లాక బెత్తం తీసుకున్నాడు.

"సదువు దొంగా," అన్నాడు కొడుతూ. "నీ తలకాయలోకి ఏమీ ఎక్కదే. ఇంగ బడికి రావద్దు, పో."

ఒక పుస్తకాన్ని మొత్తం చెవితోనే నేర్చిన పిల్ల ఎదురుగా నిలబడి ఉందని ఆ గదిలో ఎవరికీ తోచలేదు. ఆ పిల్లకూ తోచలేదు. మర్నాటి నుంచి బడి వైపు పోలేదు. పెద్దయ్యాక చర్చి వాళ్లు రెండుసార్లు పలక పట్టించబోయారు. బలపం పట్టుకోగానే వచ్చిన ఒకటి రెండు అక్షరాలు కూడా మాయమయ్యేవి. వేలిముద్రతోనే బతుకు వెళ్లదీసింది.

కూతురు మహిమ ఐదో తరగతికి వచ్చినా రెండక్షరాల మాట చదవలేకపోయింది. కృపమణి కొట్టింది. చీపురుకట్టతో, కట్టెపుల్లతో, ఏది చేతికందితే దాంతో. "నీ తలకాయలోకి ఏమీ ఎక్కదు" అని తిట్టింది. కొట్టేటప్పుడు ఆ బడిగది గుర్తొచ్చేది. గుర్తొచ్చేకొద్దీ దెబ్బ గట్టిగా పడేది.

పోయినేడు చదువులో వెనకబడిన పిల్లల్ని చూడడానికి కోసిగి బడికి రెజీనా మేడం అని ఒకామె వచ్చింది. మహిమతో రెండు గంటలు కూర్చుంది. బొమ్మలు జత చేయించింది. కథ చెప్పి మళ్లీ చెప్పించుకుంది. పాట పాడించింది. ఆ తర్వాత కృపమణిని లోపలికి పిలిచింది.

"బిడ్డకు తెలివి తక్కువేం లేదమ్మా. కథ ఒక్కసారి వినింది, ఒక్క ముక్క వదలకుండా చెప్పింది. అక్షరాన్నీ దాని శబ్దాన్నీ జత చేసుకునేదే ఈమెకు కష్టం. ఇట్లాంటోళ్లకు నేర్పే పద్ధతి వేరే ఉండాది. ఇసుకలో రాయించల్ల, పలికించల్ల, మెల్లగా పోవల్ల. కొట్టొద్దు. తలలో భయం నిండితే ఇంగ దేనికీ చోటుండదు."

కృపమణి తల ఊపింది.

"ఇది ఇంటోళ్ల నుంచి కూడా వస్తాది. మీలో ఎవరికైనా ఇట్లా ఉన్నిందా?"

"లేదు మేడం," అంది కృపమణి.

ఆ వారంలోనే ఆదోని బస్సులో శాంతయ్య సారు కనబడ్డాడు. జుట్టంతా నెరిసింది. ఆమె పేరు చెప్పగానే ఆయన ముఖం వెలిగింది.

"ఒంటె పాఠం కృపమణివి కదమ్మా. నిన్నెట్లా మర్చిపోతా? రిటైరయ్యేదాకా ప్రతి క్లాసుకూ నీ కథ చెప్పి నవ్వించినా."

"ఆ పాఠం ఇప్పుటికీ అప్పజెప్తా సారూ. ఎట్లా నేర్చినావని మీరు అడగలేదు."

"అప్పుడు మాకెవురికి తెలుసు తల్లీ, ఇయ్యన్నీ," అని, పక్కకు జరిగి సీట్లో చోటిచ్చాడు. పొట్లంలోంచి శనక్కాయలు తీసి చేతిలో పోశాడు. కసితీరా తిట్టుకుందామన్నా వీలులేని మంచితనం. ఆమె తర్వాతి స్టాపులోనే దిగి, మిగతా దారంతా నడిచింది.

మహిమ పదకొండు గురువారాలు రెజీనా మేడం దగ్గరికి పోయింది. తన పేరు రాయడం వచ్చింది. ఇంతలో సుగ్గి దినాలొచ్చాయి. వలసపోయే వాళ్ల పిల్లలకు పెట్టిన హాస్టల్లో కూతుర్ని వదలాలని కృపమణి అనుకుంది. పొద్దున చూస్తే మహిమ అందరికంటే ముందు లారీ ఎక్కి మూటల మధ్య కూర్చుని ఉంది.

"దిగు పాపా. మేడం చెప్పింది కదా, నీకు సదువు వస్తాదని."

"మేడం మూడు నెల్లు చెప్పింది. నువ్వు ఐదేండ్లు చెప్పినావు, రాదని."

"నాకూ అట్లే ఉన్నింది పాపా. నాకూ అక్షరాలు నిలబడల్యా."

"తెలుసు," అంది మహిమ. "సంతోషమ్మత్త చెప్పింది. నీకు తెలిసీ నన్నెందుకు కొడితివి అమ్మా?"

లారీలో ఉన్నవాళ్లంతా వేరే వైపు చూశారు. డ్రైవరు హారన్ కొడుతుంటే కృపమణి కూడా ఎక్కి కూర్చుంది.

మిరప చేలో మహిమ చెయ్యి చురుగ్గా ఆడింది. పెద్దవాళ్లను దాటి సాలు ముగించేది. మేస్త్రీ మెచ్చుకున్న రోజు ఆ పిల్ల మొదటిసారి తల ఎత్తి నవ్వింది. ఆ నవ్వు చూసి కృపమణికి అర్థమైంది, ఇక ఈ పిల్ల పుస్తకం ముట్టదని.

ఏప్రిల్‌లో తిరిగొచ్చాక ఆమె ఒక్కతే కోసిగి పోయింది. రెజీనా మేడంకు నిజం చెప్పాలనీ, కూతురు కాకపోతే తానైనా ఇసుకలో వేలు పెట్టి మొదలెట్టాలనీ అనుకుంది. గదికి తాళం వేసి ఉంది. మేడం ఉద్యోగం గడువు మార్చితో అయిపోయిందనీ, కొత్తవాళ్లను వేయలేదనీ అక్కడి అటెండరు చెప్పాడు.

"ఏం పని మీద వచ్చినావమ్మా?" అని అడిగాడు.

"ఏం లేదప్పా," అని ఆమె చెప్పులు తొడుక్కుంది.