పైపు చిల్లు మూసినందుకు

చేపలు ఈదాల్సిన నీళ్ళలో మా అపార్ట్‌మెంట్ కమిటీ నిలబడిన ఆదివారం గురించి చెబుతాను. ఆ నీళ్ళు నావి. కమిటీని పిలిచిందీ నేనే. నవ్వాలనుకునేవాళ్ళు ఇప్పుడే మొదలుపెట్టుకోవచ్చు. ఎవరెవరు నవ్వారో మాత్రం గుర్తుంచుకుంటాను.

కొన్నేళ్ళ కిందటి మాట. అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల వెనక సందులో, మొదటి అంతస్తు మాది. కింద పార్కింగు, పైన రఫీక్ భాయ్ ఇల్లు. ఆయనకు పంజాగుట్టలో బట్టల దుకాణం. నాకప్పట్లో వీడియోలు చూసి ఇంజనీరునైపోయానన్న జబ్బు ఉండేది. హాల్లో పెద్ద చేపల తొట్టి పెట్టి, దాని కింద అల్మారాలో సంప్ అనే చిన్న తొట్టి దాచాను. పై నీళ్ళు ఒక పైపులోంచి సంప్‌లోకి దిగుతాయి, మోటారు వాటిని ఇంకో పైపులోంచి మళ్ళీ పైకి తోస్తుంది. కరెంటు పోతే మాత్రం ఆ రెండో పైపే తొట్టి నీళ్ళను వెనక్కి లాగి సంప్‌ను పొర్లిస్తుంది. అందుకని దానికి నీటిమట్టం దగ్గర చిన్న చిల్లు పెట్టాలి. మట్టం కాస్త దిగగానే చిల్లులోంచి గాలి దూరి ధార తెగిపోతుంది. ఇదంతా తెలుసు నాకు. చిల్లు కూడా పెట్టాను. మామూలు మూర్ఖుడు తెలియక చేస్తాడు, నేను తెలిసి చేశాను.

ఆ చిల్లు సన్నగా చిర్రుమనేది. ఒకరోజు మా బావమరిది భోజనానికి వచ్చి ఉండగా రఫీక్ భాయ్ ఏదో పని మీద గుమ్మంలోకొచ్చి, చెవి రిక్కించి, "అన్నా, మీ బాత్రూంల నల్లా బంద్ చెయ్యలే, జర సూడుండ్రి" అన్నాడు.

బావమరిది పొలమారేలా నవ్వాడు. ఇప్పటికీ వాడు ఫోను చేస్తే వెంటనే ఎత్తను.

నా కళాఖండాన్ని పట్టుకుని కుళాయి అంటాడా, నల్లా అంటాడా? ఆ సాయంత్రమే ఆ రెండో పైపు మూతిని తొట్టిలో జానెడు లోతుకు దించి, చిల్లుకు ఎం-సీల్ మెత్తాను. ఇల్లు పరీక్ష హాల్లా నిశ్శబ్దమైంది. ఇప్పుడొచ్చి వినమను, అని లేని మీసం దువ్వుకున్నాను.

వారం తిరక్కుండా హాల్లో నీళ్ళు. నేనూ మా ఆవిడా ఆఫీసుల నుంచి వచ్చేసరికి చాప తడిసి ముద్ద. పగలు కరెంటు పోయి వచ్చిందని మాకెవరు చెబుతారు? అటు సంప్‌లో నీళ్ళు తగ్గిపోయేవి. హైదరాబాదు ఎండలకు ఆవిరైపోతున్నాయి కాబోలని బకెట్లతో పోసేవాణ్ణి. నీళ్ళు మాయమయ్యే తొట్టి, నీళ్ళు ప్రత్యక్షమయ్యే నేల, రెండూ పక్కపక్కనే ఉన్నాయి. వాటిని కలిపి చూసే బుర్ర ఈ మహానుభావుడికి లేదు. నేల తడిసిందంటే దోషి ఒక్కటే, రఫీక్ భాయ్ కొత్తగా టైల్స్ వేయించుకున్న బాత్రూం.

"పైకప్పు పొడిగా ఉంది కదండీ," అంది మా ఆవిడ సుజాత.

"గోడ లోపలి నుంచి దిగుతుంది. నీకు తెలీదు."

"గోడ కూడా పొడిగానే ఉంది."

"అదే వాళ్ళ తెలివి," అన్నాను.

తడి చాపకు పెళ్ళికూతురికి తీసినట్టు అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టాను. బాత్రూం పగలగొట్టి చూడాల్సిందేనన్నాను. రఫీక్ భాయ్ మా ఇంటికొచ్చి బతిమాలాడు.

"వచ్చే వారం మా బిడ్డ మంగ్నీ ఉందన్నా, ఇంటినిండ చుట్టాలు. అది అయినంక నువ్వే పలగ్గొట్టియ్యి."

"మీ అమ్మాయి నిశ్చితార్థం అని నీళ్ళు ఆగుతాయా?" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా మొహం ఎలా ఉండి ఉంటుందో తలుచుకుంటే నా మీద నాకే చెయ్యి చేసుకోవాలనిపిస్తుంది.

ఆదివారం ప్రెసిడెంటు యాదగిరి గారు కమిటీతో, రఫీక్ భాయ్‌తో, సుత్తి పట్టుకున్న మేస్త్రీతో సహా వచ్చారు. వాళ్ళ ముందు తొట్టి కళకళలాడాలని పొద్దున్నే సంప్ అంచుదాకా నింపి ఉంచాను. అందరూ గుమ్మంలో చెప్పులు విడిచి హాల్లో నిలబడ్డాక, పై ఇంటి నిర్లక్ష్యం గురించి పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. యాదగిరి గారి చూపు స్విచ్‌బోర్డు కింద ఉన్న తడి చాప మీద పడింది.

"తడి కాడ కరెంటు ఎందుకయ్యా, ముందుగాల మెయిన్ బంద్ చెయ్యి."

చేశాను. నా చేత్తో, గర్వంగా.

ఫ్యాను ఆగింది. మోటారు ఆగింది. అల్మారాలోంచి ఎవరో పుక్కిలిస్తున్నట్టు గుడగుడ మొదలైంది. అల్మారా తలుపు దానంతటదే తెరుచుకుని, నీళ్ళు ఇల్లు తెలిసిన చుట్టంలా తాపీగా హాల్లోకి వచ్చాయి. తొట్టిలో చేపలు లిఫ్టులో దిగుతున్నవాళ్ళలా మా అందరినీ చూస్తూ కిందికి దిగాయి.

యాదగిరి గారు ప్యాంటు పైకి లాక్కున్నారు. "ఇవి పైనుంచి వచ్చినట్టు లేవయ్యా."

"ఇవి వేరే నీళ్ళు," అన్నాను.

అవును, అన్నాను. అరికాళ్ళు మునిగి మరీ అన్నాను.

రఫీక్ భాయ్ నా కాళ్ళ వైపు చూశాడు, మేస్త్రీ వైపు చూశాడు. "సుత్తె పట్టుకొని వచ్చిండు పాపం. ఉత్తగ పంపుడెందుకన్నా, నీ అల్మారా కొట్టమందామా?"

మొదట నవ్వింది సుజాత. గుర్తుంది.

గ్రూపులో క్షమాపణ పెట్టాను. మంగ్నీకి రఫీక్ భాయ్ స్వయంగా వచ్చి పిలిచాడు. అక్కడ కనబడ్డ ప్రతి చుట్టానికీ నన్ను చూపించి, "కింది ఇంటి అన్న. నీళ్ళు ఎట్ల పారుతయో ఈయననే అడగాలె" అన్నాడు. బిర్యానీ మాత్రం అద్భుతం. అందుకూ ఆయన్ని క్షమించలేదు.

ఎం-సీల్ గీకేసి, పైపును మళ్ళీ పైకి జరిపాను. చిర్రుమనడం తిరిగొచ్చింది. రఫీక్ భాయ్ మెట్లు దిగుతూ మా గుమ్మం ముందు ఆగి, చెవి రిక్కించి, "నల్లా నడుస్తుంది, ఫికర్ లేదు" అని వెళ్ళిపోతాడు. వినబడని రోజు బెల్లు కొడతాడు.

కాబట్టి ఆ తడి చాప మీద కుడిచెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ముందు మా ఇంటి మెయిన్ ఆపి చూసుకోకుండా ఈ జన్మలో ఇంకొకరి బాత్రూం జోలికి పోను. నల్లా అన్న మాట మీద నా ఫిర్యాదు వాపసు తీసుకున్నానని మాత్రం ఎవరూ అనుకోవద్దు.