నడుమ దారిలో చాప

ఆళ్లగడ్డ చర్చిలో మగవాళ్ల చాపలు ఒక పక్క, ఆడవాళ్లవి ఒక పక్క. తను ఆడా కాదు, మగా కాదు అనుకున్న ప్రసన్న పదహారేళ్లప్పుడు ఒక ఆదివారం ఆ రెంటి నడుమ దారిలో కూర్చున్నారు. సంఘపెద్ద దానియేలు ప్రసన్న చెవి పట్టి మెట్లదాకా ఈడ్చి, "యాదో ఒగటి తేల్చుకోని రాపో" అన్నాడు. ఆ వారం వాక్య ప్రసంగం ప్రేమ గురించే. జనం నవ్వారు. పక్కింటి ఫిలిప్ కూడా నవ్వాడు.

ప్రసన్న హైదరాబాదు పోయి తెర మీద నటించారు. తనలాంటి వాళ్లను ఎగతాళి చేసే వేషాలు వద్దని ఏళ్లతరబడి పస్తులున్నారు. చివరికి ఒక వెబ్ సిరీస్‌లో బేతంచెర్ల బండలు కోసే మనిషి పాత్ర దొరికింది. ఫిలిప్ దాన్ని ఫోన్లో మూడుసార్లు చూశాడు. చూసిన ప్రతిసారీ ఆ ఆదివారం తను నవ్విన నవ్వు గుర్తొచ్చింది.

మొన్న తల్లి జ్ఞాపకార్థ కూడికకు వచ్చిన ప్రసన్న చర్చి గుమ్మంలోనే ఆగిపోయారు. దానియేలు తల తిప్పి చూశాడు. ఎవరూ కదల్లేదు. ఫిలిప్ లేచి, తన చాపను నడుమ దారిలోకి లాగి, సగం వదిలి కూర్చున్నాడు. ప్రసన్న వచ్చి ఆ సగంలో కూర్చున్నారు. దానియేలు దగ్గి, పాట అందుకున్నాడు.

సాయంత్రం నంద్యాల బస్సు దగ్గర ఫిలిప్ నోరు విప్పాడు. "ఆ పొద్దు నేనూ నవ్వినా."

"తెలుసప్పా. నీ నవ్వే గట్టిగా ఇనపడింది" అన్నారు ప్రసన్న. "చాప ఇరుకైంది. ఈసారి పెద్దది పరుచు."