గోలెంలో నాయిన తీగ

వికారాబాద్ స్టేషన్ వెనక మాది అద్దె ఇల్లు. ఇల్లంటే ఒక గది, ముందు చిన్న వసారా, వెనక నీళ్ళు పోసుకునే బండ. ఆ బండ పక్కన మంచం పట్టేంత చోటుంటే అమ్మ ఖాళీగా ఉండనిస్తుందా! మర్పల్లిలో అమ్మమ్మ వాళ్ళ చేను నుంచి కందగడ్డ, అదే చిలగడదుంప, తీగ ముక్కలు తడిగుడ్డలో చుట్టి తెచ్చి నాటింది. చోటు చాలక చివరి ముక్కను పగిలిన గోలెంలో మట్టి నింపి గుచ్చింది. పాదులు అప్పుడే పంచేసుకున్నాం. బండ పక్కనివి అమ్మకు, నాకు, తమ్ముడికి. గోలెంలోది నాయినది.

నాయిన రైలు పట్టాల మీద కూలి. 1948లో, పోలీసు చర్యకు కాస్త ముందు, పని మీద తాండూరు వైపు పోయాడు. ఆ తర్వాత రైళ్ళు ఆగిపోయాయి, దుకాణాలు మూతపడ్డాయి. పక్కింటి పెద్దమ్మ రోజూ వచ్చి అమ్మ చెవిలో ఏదో చెప్పి పోయేది. అమ్మ ముఖం మాడిపోయేది. ఆ పెద్దమ్మ గొంతు వింటేనే నాకు ఒళ్ళు మండేది.

ఇంట్లో జొన్నలు అయిపోయాక అమ్మ బండ పక్క పాదులు తవ్వింది. ఇంకా గడ్డ ఊరే కాలం కాదు, అన్నీ వేలంత లావువి. ఉడకబెట్టి మా ఇద్దరికీ పెట్టి, తను ఆ నీళ్ళు తాగేది. అవీ అయిపోయాయి. తమ్ముడు గోలెం పట్టుకుని ఒకటే ఏడుపు.

"గిది తవ్వవే అమ్మా!"

"చెయ్యి తియ్యి. అది మీ నాయినది. ఆయనొచ్చినంక ఆయనే తవ్వుకుంటడు."

ఆ మాట నా మనసులో మరోలా నాటుకుంది. తీగ పచ్చగా ఉన్నన్నాళ్ళూ నాయినకు ఏమీ కాదు. పొద్దున లేస్తూనే ముఖమైనా కడగకుండా పోయి దాన్ని చూసేదాన్ని.

ఒకరోజు అమ్మ మళ్ళీ ఉడికిన గడ్డలు పెట్టింది. "యాడివే?" అంటే, "పెద్దమ్మ ఇచ్చింది, తిను," అంది. అంత ఆకలి మీద ఇంకేం అడుగుతాను!

మర్నాడు చూస్తే తీగ తల వాల్చేసింది. ఆకులు మెత్తబడి గోలెం అంచుకు అంటుకుపోయాయి.

"అమ్మా, నాయినది వాడిపోయింది!"

అమ్మ పరుగెత్తుకొచ్చింది. "వాన తెరిపిచ్చింది గద బిడ్డా, ఎండకు గట్లనే ఐతది. ఫికర్ చెయ్యకు," అంటూ నీళ్ళు పోసి, గోనెపట్టా నీడ కట్టింది. మాట నిబ్బరంగానే ఉంది గానీ పట్టాను రెండుసార్లు విప్పి మళ్ళీ కట్టింది. నేను పొద్దుగూకేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. ఏ దేవుడికీ మొక్కలేదు, ఆ తీగకే మొక్కాను. తర్వాత ప్రతి పొద్దూ భయపడుతూనే గోనె ఎత్తి చూసేదాన్ని. చివరికి ఒకనాడు కొసన చిగురు కనిపించింది. నేను కేక పెట్టి గంతులేశాను. అమ్మ మాత్రం గోడకు ఆనుకుని కూలబడిపోయింది.

ఆ వారంలోనే నాయిన పట్టాల వెంట నడిచి వచ్చాడు. గడ్డం పెరిగి, కాళ్ళు పుండ్లు పడి, గుర్తుపట్టేలా లేడు. మంచినీళ్ళయినా తాగనివ్వకుండా గోలెం దగ్గరికి లాక్కుపోయాను.

"నీది మేం ముట్టలే నాయినా, చూడు!"

నవ్వుతూ మట్టిలో చెయ్యి పెట్టాడు. తీగ ఊడి చేతికొచ్చింది. కింద దారప్పోగుల్లాంటి తెల్లటి వేళ్ళు, అంతే. ఇంకా లోతుకు వెతికాడు.

"గడ్డలేవే?" అని అమ్మను అడిగాడు.

"పిల్లలకు పెట్టిన. తీగ మళ్ళ గుచ్చిన." నేల చూపులు చూస్తూ, "ఇగ రావనుకున్న," అంది.

నాకు అమ్మ మీద చెప్పలేనంత కోపం వచ్చింది. మమ్మల్ని అన్నాళ్ళు నమ్మించి, తను ఎప్పుడో ఆశ వదిలేసుకుందా!

నాయిన తీగను మళ్ళీ గోలెంలో పెట్టి చుట్టూ మట్టి అదిమాడు.

"జర నీళ్ళు తే బిడ్డా."

చెంబు నిండా తెచ్చిచ్చాను. సగం తీగకు పోసి, మిగతాది అమ్మ చేతికిచ్చాడు.